భోజనాల బల్ల సాక్ష్యం

డ్రైవింగ్ స్కూలు ముందు గది,
పెట్రోలు బంకు పక్కన
ఫిబ్రవరి మొదటి వారం

గేటమ్మాయికి,

పేపర్లో నీ పేరు చూశాను. లోపలి పేజీలో, టైర్ల ప్రకటనకీ పాత ఫర్నిచర్ ప్రకటనకీ మధ్య. "ఫ్యాన్ల కంపెనీ షేర్లు కొని నష్టపోయినవారు సంప్రదించవలసినది" అని, కింద నీ పేరూ, లాయరన్న మాటా, ఆఫీసు చిరునామా. నా దగ్గర నేర్చుకుని, టెస్టు నాడు రవాణా ఆఫీసు గేటునే గుద్దిన అమ్మాయి ఇప్పుడు కంపెనీలను గుద్దుతోందంటే గురువుగా గర్వపడాలో, గేటును తలుచుకుని జాలిపడాలో తెలియలేదు. ఆ గేటు ఇప్పటికీ సరిగ్గా మూసుకోదు. కొత్తవాళ్ళకి రివర్సు పాఠం దాన్ని చూపించే చెబుతాను.

సంగతేమిటంటే, ఆ షేర్లు నా దగ్గరా ఉన్నాయి. పోయినేడు కంపెనీ గుట్టు బయటపడ్డ రోజున వాటి ధర నాలుగో గేరులోంచి తిన్నగా న్యూట్రల్‌కి వచ్చింది.

రెండు మనవులు. నాకు ఫోన్ చేయకు. ఇన్నేళ్ళు హారన్లు విని నా చెవులు మొద్దుబారాయి. ఫోన్ స్పీకర్లో పెట్టకపోతే నాకు వినపడదు. పెడితే ఎదురింటికి కూడా వినపడుతుంది. రెండోది, ఉత్తరాలు స్కూలుకే రాయి, ఇంటికి వద్దు. ఇంటికొచ్చిన ఉత్తరాన్ని మీ పిన్నిగారు విప్పి, చదివి, మళ్ళీ అంటించి, "ఏం రాశారండీ?" అని నన్నే అడుగుతుంది.

ఆవిడ బాగానే ఉంది. ఆ మధ్య కొత్త భోజనాల బల్ల కొన్నాం. టేకు. ఈసారి వస్తే దాని మీదే భోంచేద్దువుగాని.

నీ
మాస్టారు

ఆఫీసు, నాలుగో అంతస్తు,
లిఫ్టు పనిచేయని వైపు
ఫిబ్రవరి

మాస్టారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదువుతుంటే నా కుడికాలు దానంతటదే బ్రేకు కోసం వెతుక్కుంది.

విషయానికి వస్తాను. ఇలాంటి వ్యవహారాల్లో మోసం పెద్దది, ఒక్కొక్కరికి కలిగే నష్టం చిన్నది. మీరొక్కరే దావా వేస్తే దానికయ్యే ఖర్చు మీరు పోగొట్టుకున్నదాన్ని మించిపోతుంది. కంపెనీలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే నష్టపోయినవాళ్ళందరినీ కలిపి ఒకే ఉమ్మడి దావా వేస్తాం. బస్సు అనుకోండి. అందరిదీ ఒకటే దారి. కాకపోతే ముందు సీట్లో ఒక మనిషి కూర్చోవాలి. ఆయన్ని ప్రతినిధి అంటారు. అందరి తరఫునా ప్రమాణం చేసి, అవతలి లాయరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పేది ఆయనే. ఆయన నిలబడితే బస్సు కదులుతుంది. ఆయన మాట అబద్ధమని తేలితే అందరం దిగి నడవాలి.

ఆ మనిషి దొరకడం లేదు. కంపెనీ చెప్పిన మాట నమ్మి షేర్లు కొన్నవాడు కావాలి నాకు. ఒక పళ్ళ డాక్టరుగారు ముందుకొచ్చారు. ఎందుకు కొన్నారని అడిగితే, "మా తోడల్లుడు కొన్నాడు, నేను తగ్గుతానా?" అన్నారు. ఇంకో పెద్దాయన ప్రశ్న పూర్తయ్యేలోపే నిద్రపోతారు. నిద్రలోనే జవాబు చెబుతారు. ఆ జవాబు మాత్రం వేరే ప్రశ్నకు.

మీరు ఎవరి మాట నమ్మి కొన్నారు? కంపెనీ వార్షిక నివేదిక ఎప్పుడైనా తెరిచి చూశారా? ఉన్నది ఉన్నట్టు రాయండి.

నా ఫీజు సంగతి మీరు అడగకపోయినా చెప్పాలి. గెలిస్తే కోర్టు నిర్ణయించి ఇస్తుంది. ఓడితే టీ ఖర్చు కూడా నాదే.

గేటు విషయం దయచేసి ఎక్కడా ఎత్తకండి.

మీ శిష్యురాలు

డ్రైవింగ్ స్కూలు
మార్చి

గేటమ్మాయికి,

చూడటమేమిటి! మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా చదివాను. అదీ గట్టిగా!

కొనాలనుకున్నప్పుడు మీ పిన్నిగారితో అన్నాను. ఆవిడ కూర కలుపుతూ తలెత్తకుండా, "చదవకుండా సంతకం పెట్టడం మీకు అలవాటే. వాళ్ళు ఏదో పుస్తకం అచ్చేస్తారటగా, అది తెచ్చి చదవండి, నేనూ వింటాను. ఆ తర్వాత మీ ఇష్టం" అంది. నాకు పౌరుషం వచ్చింది. నివేదిక తెప్పించాను. వారం పాటు రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించాను. అరవాల్సి వచ్చింది, ఎందుకంటే నెత్తిమీద తిరిగేది అదే కంపెనీ ఫ్యాను. "ఊపిరికంటే నిశ్శబ్దం" అని దాని డబ్బా మీద ఉంటుంది. ఎవరి ఊపిరో రాయలేదు.

ఛైర్మన్ రాసిన ముందుమాటలో ఒక వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, రోజూ దానితోనే చదవడం మొదలుపెట్టేవాణ్ణి: "ఈ ఏడాది మా గేటు దాటిన ప్రతి ఫ్యానూ ఒక ఇంటి పైకప్పుకు చేరింది." ఎంత బాగుందో చూడు. ఆ వాక్యం నమ్మే కొన్నాను.

ముందు సీట్లో నేను కూర్చుంటాను. నా జీవితమంతా పక్క సీట్లోనే గడిచింది. ఒక్కసారైనా ముందుకు మారతాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. టీ కొట్టాయనకీ, బంకులో ఇద్దరికీ, లైసెన్సుల బ్రోకరుకీ తప్ప. మీ పిన్నిగారికి మాత్రం తెలియనివ్వకు. ఊరికే కంగారు పడుతుంది.

రెండో కారు ఏడాదిగా మెకానిక్ దగ్గరే ఉంది. ఒక్క కారుతోనే నెట్టుకొస్తున్నాను. అందుకే ఉత్తరం ఆలస్యమైంది.

మాస్టారు

ఆఫీసు
మార్చి

మాస్టారికి,

మీ ఉత్తరం మా ఆఫీసులో చేతులు మారింది. మా సీనియర్ రెండుసార్లు చదివి, "నివేదికను మొత్తం చదివిన మనిషా? బతికే ఉన్నాడా?" అని అడిగారు.

ఛైర్మన్ రాసిన ఆ వాక్యమే మా దావాకి వెన్నెముక. గేటు దాటిన ఫ్యాన్లలో మూడోవంతు ఏ పైకప్పుకూ చేరలేదు. అద్దె గోడౌన్లలో అట్టపెట్టెల్లో పడి ఉన్నాయి. "ప్రస్తుతానికి తీసుకోండి, ఏడాది చివర వెనక్కి తీసుకుంటాం" అని డీలర్లకు నోటిమాటగా చెప్పి, అమ్మినట్టు లెక్క రాశారు.

మీ ప్రమాణపత్రం, నింపాల్సిన ఫారం పంపుతున్నాను. ఒక్క చిక్కుంది. నివేదికను ఎవరూ చదవరు, చదివామని కోర్టులో చెప్పేవాళ్ళందరూ కోతలు కోసేవాళ్ళే అన్నది అవతలి లాయరు వాదన. మీరు చదివారని చెప్పే సాక్షి కావాలి. విన్న మనిషి ఒక్కరే ఉన్నారు. పిన్నిగారి వాంగ్మూలం కూడా తీసుకోవాలి. ఆవిడతో మాట్లాడి చెప్పండి.

మీ శిష్యురాలు

డ్రైవింగ్ స్కూలు
ఏప్రిల్

గేటమ్మాయికి,

ఫారం నింపి పంపుతున్నాను. కొట్టివేతలు ఉంటే మన్నించు, పెన్ను మంచిది కాదు.

మీ పిన్నిగారి సంగతి. ఆవిడకు ఈ మధ్య గొంతు బాగా లేదు, మాట పెగలడం లేదు. పైగా మతిమరుపు. నిన్న నన్ను తిట్టడం మొదలుపెట్టి సగంలో ఎందుకో మరిచిపోయింది. తర్వాత గుర్తొచ్చి మొదటి నుంచి తిట్టింది. వచ్చే నెలంతా వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉంటుంది. ఉండకపోవచ్చు కూడా.

ఆవిడకి బదులు టీ కొట్టాయన్ని పిలవకూడదా? ఆయన ఏ విషయం మీదైనా సాక్ష్యం చెప్పగలడు.

పాపం ఆవిడ హాయిగా ఆ ఫ్యాన్ల బల్ల దగ్గర కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉంటుంది. ఆ ప్రశాంతతను కోర్టులకీ లాయర్లకీ అప్పజెప్పడం ఎందుకు?

మాస్టారు

ఆఫీసు
ఏప్రిల్

మాస్టారికి,

నాకు తెలిసినవి మాత్రమే రాస్తాను.

మాట పెగలని మనిషి మిమ్మల్ని రెండుసార్లు తిట్టారు. మతిమరుపు మనిషి మొదటి నుంచి గుర్తుపెట్టుకుని తిట్టారు. ఫారంలో "ఈ పెట్టుబడి సంగతి మీ ఇంట్లో ఎవరికి తెలుసు?" అన్నచోట మీరు "భార్యకు తెలుసు" అని రాసి, కొట్టేసి, "తెలియదు" అని రాసి, దాన్నీ కొట్టేసి, "కొంతవరకు" అని రాశారు. పెన్ను మంచిదే.

షేర్లు మీరు ఇప్పటికీ అమ్మలేదు. ఖాతా వివరాల్లో ఉంది. లాభం రాలేదు. కానీ మీ ఇంట్లో ఆ బల్లకు "ఫ్యాన్ల బల్ల" అని పేరుంది. ఫ్యాన్లకూ బల్లకూ సంబంధమేమిటి? లాభం లేకుండా టేకు బల్ల ఎలా వచ్చింది?

గేరు మార్చేటప్పుడు గేరు వంక చూడకు, రోడ్డు వంక చూడు అని మీరే చెప్పారు. నేను రోడ్డు వంకే చూస్తున్నాను.

మీ శిష్యురాలు

డ్రైవింగ్ స్కూలు
ఏప్రిల్

అమ్మాయ్,

బల్ల సంగతి అడిగావు. రెండో కారు సంగతి అడగలేదు.

బల్లకి నాలుగు కాళ్ళు. నాలుగూ ఆ కారు చక్రాలే.

ధర పడిపోయిన రోజు టీవీలో వార్త వస్తుంటే మీ పిన్నిగారు గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, "మన షేర్లు?" అంది. మొహం చూశాను. "ముందే అమ్మేశా. లాభానికే" అని నోట్లోంచి వచ్చేసింది. "అయితే ఏదీ లాభం?" అంది. అలా బల్ల వచ్చింది. కారు రిపేరులో ఉందని చెప్పాను. మెకానిక్‌కి కూడా అలాగే చెప్పమని చెప్పాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసులోనే బల్ల వేసుకుని రోజూ భోంచేస్తున్నాను.

మాస్టారు

ఆఫీసు
మే

మాస్టారికి,

మీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత తలుపు వేసుకుని కూర్చుని భయపడ్డాను.

పిన్నిగారిని అవతలి లాయరు కచ్చితంగా అడుగుతారు: "ఆ షేర్లు ఏమయ్యాయి?" ఆవిడ నమ్మినట్టే "అమ్మేశారు, లాభం వచ్చింది" అంటారు. ప్రమాణం చేసి మీరొకటి, ఆవిడొకటి చెప్పినట్టవుతుంది. బస్సు అక్కడే ఆగిపోతుంది. వెనక సీట్లలో తొమ్మిది వేలమంది ఉన్నారు. ఆ పళ్ళ డాక్టరుగారితో సహా.

ఆవిడకు నేను చెప్పలేను. క్లయింటు గుట్టు బయటపెట్టకూడదు. ఏం చెప్పాలో సాక్షికి నేర్పకూడదు. అబద్ధం చెప్పనివ్వనూ కూడదు. ఈ మూడూ పోగా మిగిలిన దారి ఒకటే. మీరే చెప్పాలి. ఇద్దరి వాంగ్మూలాలూ జూన్ మూడోవారంలో.

మీ వంతుకి పాఠాలు ఇవి. అడిగినదానికే జవాబు. హారన్ అనవసరంగా కొట్టవద్దు. తెలియకపోతే తెలియదనండి. అవతలాయన ప్రతి ప్రశ్నకు ముందు కళ్ళజోడు తీస్తారు, జవాబు నచ్చకపోతే మళ్ళీ పెట్టుకుంటారు. కంగారు పడకండి. నేను పక్క సీట్లోనే ఉంటాను, కానీ నా కాలి కింద బ్రేకు ఉండదు.

మీ శిష్యురాలు

డ్రైవింగ్ స్కూలు
జూన్

గేటమ్మాయికి,

చెప్పడానికి ప్రయత్నించలేదనుకోకు.

మొదటిసారి బల్ల దగ్గర. "ఇదిగో, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాను. "ఉప్పు తక్కువైందా?" అంది. "కాదు" అన్నాను. "ఎక్కువైందా?" అంది. "సరిపోయింది" అన్నాను. "అది చెప్పడానికింత గంభీరం ఎందుకండీ!" అని మజ్జిగ పోసింది.

రెండోసారి బట్టలు ఆరేస్తుంటే. "మనిషన్నాక ఒక్కోసారి పొరపాటున..." అని మొదలుపెట్టాను. "నా మంచి తువ్వాలుతో కారు తుడిచారా?" అంది. నిజానికి తుడిచాను. ఆ పూటంతా దానికే సరిపోయింది.

మూడోసారి దారుణం. గొంతు సవరించుకుని, "ఆ ఫ్యాన్ల షేర్లు..." అన్నాను. ఆవిడ నా కళ్ళలోకి చూసి, "ఆ ఫ్యాన్ల షేర్లు?" అంది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని, "...వాటి మీద కేసు పడింది. కేసు వేసినవాళ్ళకి నేను నాయకుణ్ణి. నువ్వు సాక్షివి" అన్నాను.

"అమ్మేశారు కదా, మీకెందుకు నాయకత్వం?" అంటుందనుకున్నాను. అనలేదు. "ఏ చీర కట్టుకోను?" అంది.

ఎల్లుండి బస్సెక్కుతున్నాం. దారిలో చెబుతాను.

మాస్టారు

డ్రైవింగ్ స్కూలు
జూన్, నీ దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు

అమ్మాయ్,

దారిలో చెప్పలేదు. కిటికీ పక్క సీటు ఆవిడ తీసుకుంది. బయటికి చూస్తున్న మనిషికి చెప్పేదెలా?

లోపల ఏం జరిగింది? నన్ను వరండాలో కూర్చోబెట్టారు. ఆవిడ బయటికొచ్చి, "ఆయన బాగా అడిగారు, పాపం" అంది. అంతే. తిరుగు ప్రయాణమంతా వేరుశెనగలు తింటూ కూర్చుంది. నాకూ పెట్టింది. ఒలిచి మరీ పెట్టింది. అదే నాకు భయంగా ఉంది. తేలు కుట్టిన దొంగలా ఆ గింజలు నములుతూ కూర్చున్నాను.

మా ఆవిడ అబద్ధం చెప్పినట్టయిందా? కేసు పోయిందా? ఆ తొమ్మిది వేలమందీ నా వల్ల దిగి నడవాలా? వెంటనే రాయి.

మాస్టారు

ఆఫీసు
జులై
(ఈసారి మీ ఇంటి చిరునామాకు)

మాస్టారికి,

ముందుగా మీ వాంగ్మూలం గురించి. "ఈ లాయరు మీకెలా తెలుసు?" అన్నదానికి "నా శిష్యురాలు" అంటే సరిపోయేది. గేటు కథ, నేను ఏ గేరులో ఉన్నానో, కాపలావాడు ఏ వైపుకి దూకాడో అక్కర్లేదు. అంతా టైపు చేశారు. ఇక అది కోర్టు రికార్డు.

మిగతా జవాబులు మాత్రం తిన్నగా ఉన్నాయి. షేర్లు అమ్మలేదనే చెప్పారు. మంచిది.

ఇక పిన్నిగారిది. ప్రతినిధిగా ఆ కాగితాలు చూసే హక్కు మీకుంది. నేను దాచలేను. ఆవిడకీ ఒక కాపీ రావాలి. "రెండూ ఒకే కవరులో పెట్టి ఇంటికి పంపు" అన్నారు ఆవిడ. అందుకే ఇంటికి. కావలసిన భాగం ఇక్కడే ఎత్తి రాస్తున్నాను.

ప్రశ్న: మీ భర్త ఈ నివేదిక చదవడం చూశారా?
జవాబు: చూడటమేమిటి, విన్నాను. రోజూ కూర చల్లారేదాకా.
ప్రశ్న: అందులో ఒక్క వాక్యమైనా గుర్తుందా?
జవాబు: "ఈ ఏడాది మా గేటు దాటిన ప్రతి ఫ్యానూ ఒక ఇంటి పైకప్పుకు చేరింది." తర్వాతి పేరా కూడా చెప్పమంటారా?
ప్రశ్న: అక్కర్లేదు. (చెప్పారు. రికార్డయింది. అక్షరం పొల్లు పోలేదు.) ఆ షేర్లు ఏమయ్యాయో మీ భర్త మీకు చెప్పారా?
జవాబు: చెప్పారు. ముందే అమ్మేశాననీ, లాభం వచ్చిందనీ.

ఇక్కడ కళ్ళజోడాయన కుర్చీలో ముందుకు జరిగారు. నేను వెనక్కి జరిగాను.

ప్రశ్న: అంటే మీకు తెలిసినంతవరకు ఆయనకు నష్టమే రాలేదన్నమాట.
జవాబు: ఆయన చెప్పింది చెప్పమన్నారు, చెప్పాను. నాకు తెలిసింది అడిగితే అదీ చెబుతాను.
ప్రశ్న: ...మీకు తెలిసిందేమిటి?
జవాబు: అమ్మలేదు. నష్టపోయారు.
ప్రశ్న: మీకెవరు చెప్పారు?
జవాబు: ఎవరూ చెప్పలేదు. అందుకే తెలిసింది. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. బంకులో ఫ్రీగా గాలి కొట్టినా వీధంతా చెబుతారు. అంత లాభం వస్తే నాకొక్కదానికే చెప్పారు, అదీ మెల్లగా. ఇంతవరకు ఆయన నాతో మెల్లగా మాట్లాడిన మాట అదొక్కటే.
ప్రశ్న: మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదు?
జవాబు: ఎంతకాలం మోస్తారో చూద్దామని. పైగా బల్ల బాగుంది.
ప్రశ్న: అమ్మా, సొంత భార్యతో అబద్ధమాడిన మనిషి వేలమంది తరఫున నిజం చెబుతాడని కోర్టు ఎలా నమ్మాలి?
జవాబు: బాబూ, ఆయన అబద్ధం చెప్పి, దాని ఖర్చు కోసం తన కారు అమ్ముకున్నారు. మీ వాళ్ళు అబద్ధం చెప్పి, దాని ఖర్చు మాతో కట్టించారు. ఇద్దరినీ ఒకే గాటన కడతారా?

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. తీయలేదు. ఫైలు మూసేశారు.

నిన్న జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. మీరే ప్రతినిధి. "నివేదికను చదివిన పెట్టుబడిదారు అరుదు, విన్న సాక్షి మరీ అరుదు" అని అందులో రాశారు. మధ్యాహ్నం కంపెనీ లాయరు ఫోన్ చేసి, రాజీ మాటలకు ఎప్పుడు కూర్చుందామని అడిగారు.

నేను ఇన్నేళ్ళుగా సాక్షులను తయారుచేస్తున్నాను. ఇలాంటి సాక్షిని ఎవరూ తయారుచేయలేరు. మీతో కాపురం చేయాలంతే.

మీ శిష్యురాలు

ఇంటి నుంచి, భోజనాల బల్ల మీద
జులై

గేటమ్మాయికి,

నీ కవరు వచ్చింది. ఈసారి విప్పలేదు. నేను భోజనానికి కూర్చున్నాక కంచం పక్కన పెట్టి, "చదవండి, గట్టిగా. ఫ్యాను మోగుతోంది" అంది.

చదివాను. "నాకొక్కదానికే చెప్పారు" దగ్గర ఆగిపోయాను. "ఏం, గేరు పడలేదా?" అంది. మళ్ళీ మొదలుపెట్టాను. కారు దగ్గర మళ్ళీ ఆగాను. ఈసారి ఆవిడ మజ్జిగ గిన్నె నా వైపు జరిపింది. నేనే పూర్తి చేశాను. కూర చల్లారింది.

"కారు సంగతి ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"మీ మెకానిక్ కూరగాయల దగ్గర కనిపించినప్పుడల్లా 'మా కారెలా ఉంది నాయనా?' అని అడిగేదాన్ని. ఆయన టమాటాల వంక చూసి 'వస్తోందమ్మా' అనేవాడు. ఏడాదిపాటు టమాటాల్లోంచి ఏ కారు వస్తుంది?"

"మరి నన్ను తిట్టలేదేం?"

"డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నది నేను కాదూ? ఆ వాక్యం నాకూ బాగానే అనిపించింది" అంది. కంచం తీస్తూ, "తువ్వాలుకి మాత్రం తిట్టాను" అంది.

నేను లేచి ఫ్యాను ఆపేశాను. చాలా రోజుల తర్వాత ఆవిడ మాట నాకు స్పీకరు లేకుండా వినపడింది. చెమట పట్టినా మళ్ళీ వేయలేదు.

మాస్టారు

తా.క.: గేటు సంగతి రికార్డుకెక్కినందుకు బాధపడకు. గేటు తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి.

ఇంటి నుంచి
మరుసటి ఫిబ్రవరి

అమ్మాయ్,

ఈసారి నేను రాస్తున్నాను. ఆయన స్కూల్లో ఉన్నారు.

రాజీ ఉత్తర్వుతో పాటు నువ్వు పంపిన పెద్ద కాగితం ఆయన రెండు పూటలు చదివి వినిపించారు. పోయినదంతా రాదనీ, పావు వంతుకన్నా కొంచెం ఎక్కువ వస్తుందనీ, అందరికీ అదే లెక్కనీ అర్థమైంది. ప్రతినిధివి కదా, నీకేమైనా ఎక్కువిస్తారా అని బంకులో ఎవరో అడిగితే, "ముందు సీటు వాడు ముందు దిగడు" అన్నారట. ఆ మాట ఎక్కడ నేర్చారో తెలియదు. బాగానే ఉంది.

ఆ డబ్బుతో కారు రాదు. నాలుగు టైర్లూ, ఒక స్టీరింగూ వస్తాయేమో. మిగతా కారు తర్వాత చూసుకుంటాం. బల్ల అమ్మేద్దామన్నారు. వద్దన్నాను. కూరగాయలు తరగడానికి ఎత్తు సరిగ్గా సరిపోయింది.

ఇంకో ఫారం తెచ్చి సంతకం పెట్టబోయారు. ఏమిటని అడిగాను. కుక్కర్ల కంపెనీ అట. "నివేదిక వచ్చిందా?" అన్నాను. పెన్ను జేబులో పెట్టుకున్నారు. ప్రస్తుతం ముందుమాట దగ్గర ఉన్నాం. ఛైర్మన్ చాలా బాగా రాశాడు. అందుకే కొనద్దన్నాను.

నీ చెక్కు నిన్న వచ్చింది. నేను కవరు విప్పలేదు, ఆయనా నాకు చెప్పలేదు. ఉదయం పాలకోసం వెళితే టీ కొట్టాయన చెప్పాడు. బంకులో ఇద్దరూ చెప్పారు. మెకానిక్ టమాటాలు వదిలేసి వచ్చి నా మొహం చూస్తూ చెప్పాడు. ఇంటికొచ్చేసరికి ఎదురింటావిడ కూడా అభినందించింది.

కాబట్టి ఈసారి నిజమే.

మీ పిన్ని